మార్చి ఇరవై ఐదు

"పెళ్ళి 1698 ఏప్రిల్‌లో. కొడుక్కి జ్ఞానస్నానం 1698 జనవరిలో! అంటే మన డెల్‌వర్న్ దొరల వంశోద్ధారకుడు పెళ్ళికి ముందే పుట్టాడన్నమాట!"

మార్ల్‌బ్రూక్ చర్చి హాలంతా గొల్లున నవ్వింది.

రిటైరైన పోస్ట్‌మాస్టర్ బేలిస్ గర్వంగా మీసం సవరించుకున్నాడు. పదకొండేళ్ళుగా ఆ ఊరి చరిత్ర రాస్తున్నాడాయన.

వెనక వరసలో ఒక ముసలావిడ లేచింది. కొత్త ముఖం. తడిసిన కోటు, చేతిలో బరువైన సంచీ.

"పాపం, ఆ పెళ్ళికూతుర్నలా అనకండి బాబూ. అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి ఇరవై ఐదున వచ్చేది. ఆ ఏట ఏప్రిల్ ముందు, జనవరి వెనక. పెళ్ళయిన తొమ్మిది నెలలకే పుట్టాడు."

బేలిస్ ముఖం ఎర్రబడింది.

"మీరు చరిత్ర ఎక్కడ చదువుకున్నారో?"

"చదువెక్కడిది బాబూ! నలభై ఏళ్ళ కిందట ఇక్కడి పాదిరి గారింట్లో నేల తుడిచేదాన్ని."

"తుడుస్తూ తుడుస్తూ చదివేశారన్నమాట!"

మళ్ళీ నవ్వులు.

సభ ముగిశాక ఆవిడ సంచీతో దగ్గరికొచ్చింది.

"బాబూ, ఇవి..."

"పాత సామాన్లేగా? ఆ మూల పెట్టెలో వెయ్యండి. చర్చి నిధి కోసం ఆదివారం అమ్ముతాం."

"ఇవి మీ కోసమే..."

"అందరూ మా కోసమే తెస్తారమ్మా! ఆ పెట్టెలోనే."

ఆవిడ సంచీని పెట్టెలో పెట్టింది. ఒకసారి చేత్తో తడిమి, వానలోకి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేస్తే ఆవిడ చెప్పిందే నిజం. బేలిస్‌కి సిగ్గేసింది. క్షమాపణ చెప్పాలనుకున్నాడు. రేపూ మాపూ అని జరిపాడు.

ఆయన దిగులు వేరే ఉంది మరి. చర్చి పాత రిజిస్టర్లు ఎప్పుడో అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. అంతకుముందే ఎవరో తీసిన టైపు నకలు ఒక్కటే మిగిలింది. దాని చివర ఒక ముక్క: "మిగతా యాభై ఏళ్ళవీ నా నోటుబుక్కుల్లో ఉన్నాయి. డబ్ల్యూ. ప్రోసర్."

ఆ యాభై ఏళ్ళూ లేనిదే ఆయన పుస్తకం పూర్తవదు. ఎవరో మహా పండితుడనుకుని కాలేజీలకీ, పాదిరిలకీ ఉత్తరాలు రాశాడు.

"ఆ మహానుభావుడు కనపడితే కాళ్ళమీద పడతాను," అనేవాడు.

అమ్ముడుపోనివన్నీ ఏటా నవంబరు అయిదున ఊరి పండగ మంటలో వేస్తారు. ఈసారి పెట్టె మోసుకెళ్ళింది బేలిసే. అడుగున ఆ సంచీ అలాగే ఉంది, తడిమితే నిండా కాగితాలే. విప్పి చూడకుండానే విసిరాడు. బాగా అంటుకుంది.

వారం తర్వాత పాదిరి కబురు పెట్టాడు. చర్చి పెరట్లో కొత్త గొయ్యి తీసి ఉంది.

"నా చెయ్యి బెణికిందయ్యా. నీ దస్తూరీ బాగుంటుందిగా, సమాధుల రిజిస్టరులో రాసిపెట్టు."

"పోయిందెవరు?"

"ఆ రోజు నీ తప్పు దిద్దిందే, ఆ మామ్మ. పక్క ఊళ్ళో ఒక్కతే ఉండేదట. తల్లి పక్కనే పూడ్చమని అడిగింది."

బేలిస్ రిజిస్టరు తెరిచాడు. క్షమించమని ఒక్క మాటైనా ఆవిడకి చెప్పుకోలేకపోయాడు. కనీసం పేరైనా అందంగా రాయాలనుకుని కలం ముంచాడు.

"ఏం పేరు?"

"డబ్ల్యూతో మొదలుపెట్టు," అన్నాడు పాదిరి. "వినిఫ్రెడ్ ప్రోసర్."