తెల్లటి గోళ్లు

"పోయిన ఆదివారం బువ్వకు రాకపోతివేందే? గందుకే ఇయ్యాల మల్ల ఎండుచేపలు వండిన," అంది శాంతవ్వ, కంచం ముందు పెట్టి.

"పసుపు ఉడకబెట్టుడుకు పోయిన. వారమంతా గదే పని," అంది లింబవ్వ.

శాంతవ్వ స్నేహితురాలి చెయ్యి పట్టి వెలుతురులోకి తిప్పింది. పసుపు పని చేసినవాళ్ల గోళ్లు నెలకు గానీ తెల్లబడవు. లింబవ్వ గోళ్లు బ్యాంకు మేనేజరు గోళ్లలా మెరుస్తున్నాయి.

"నిజం చెప్పు."

లింబవ్వ తల వంచుకుంది. "నీ ఎండుచేపల కూర నాకు నోట్లె పెట్టబుద్ధి గాదే. మొదటిసారి మంచిగుందన్న. ఇగ ఇరవై ఏండ్ల సంది నీళ్లు తాగుకుంట మింగుతున్న."

శాంతవ్వ చెయ్యి వదిలేసింది. కూర గిన్నెను తన వైపు లాక్కుంది. దోస్తీ ఇక్కడితో సరి అనుకుంది లింబవ్వ.

ఉన్నట్టుండి శాంతవ్వ పకపకా నవ్వి గిన్నె మీద మూత పెట్టింది. "నాకైతే దాని వాసనే పడదు. నీకిష్టమని ముక్కు మూసుకొని వండుతున్న. ఇద్దరం పిచ్చోళ్లమే. వచ్చే వారం సంది పప్పు వండుకుందాం."

లింబవ్వ గుండె తేలికపడింది. ఇన్నేళ్లకు ఇద్దరం నిజం చెప్పుకున్నామని మురిసిపోతూ సందు చివరిదాకా వెళ్లింది. చేతిసంచి మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

వంటింట్లో శాంతవ్వ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు మూసుకుని చేప తలకాయను జుర్రుతోంది.

లింబవ్వ సంచి అక్కడే వదిలేసి, చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు చేయకుండా బయటికి నడిచింది.