జ్వరం సెలవు

"ఒళ్లు కాలిపోతోంది సయామా, ఇవాళ క్లాసుకి రాలేను" అని టీచరమ్మకి బర్మీలో మెసేజ్ కొట్టి, పద్మజ చక్కగా పూలు పెట్టుకుని బస్సెక్కింది.

యాంగోన్‌లో బర్మీ భాష చదువుకోడానికొచ్చిన విశాఖ పిల్ల. అపార్ట్‌మెంట్‌లో పెరిగింది. జాతరన్నది కళ్లారా చూసెరగదు. అక్కడి తామ్వే పేటలో ఆమెకి గది అద్దెకిచ్చిన నరసమ్మ (ఇంట్లో నరసమ్మ, బజార్లో బర్మీ పేరుతో డో తాన్ తాన్) ఊరించి పెట్టింది.

"మా తెలుగోళ్ల ఊర్లో అమ్మోరి పండగ సూడకపోతే, ఈ దేశమొచ్చి ఏటి సూసినట్టే?"

ఇంకేం, పిల్లకి కాలు నిలవలేదు.

చిక్కల్లా ఒక్కటే. అప్పటికే మూడు సెలవులైపోయాయి. నాలుగోది దొంగ సెలవని తేలితే స్కాలర్‌షిప్ హుళక్కి. పెట్టె సర్దుకుని విశాఖ పోవడమే. పైగా టీచర్ డో మ్యా మ్యా మహా గట్టి పిండం. క్లాసులో బర్మీ తప్ప మరో ముక్క పలకనివ్వదు, పొరపాటున కూడా నవ్వదు.

ఊళ్లో దిగగానే పద్మజ అవన్నీ మర్చిపోయింది. అబ్బో, ఏం జాతర! తప్పెటగుళ్లు, రంగులరాట్నం, ఓ పక్క బర్మావాళ్లు తినే చేపల పులుసు సేమ్యా, ఇంకో పక్క వేడివేడి గారెలు. పులివేషాలు చుట్టూ చేరి గంతులేస్తుంటే తనూ నాలుగు గంతులేసింది.

అంతలో డప్పులు జోరందుకున్నాయి. ఒకావిడకి అమ్మోరు పూనింది. విరబోసిన జుట్టు, మొహమంతా పసుపు, అరచేయంత కుంకం బొట్టు, చేతిలో వేపమండలు. ఊగుతూ ఊగుతూ వచ్చి సరిగ్గా పద్మజ ముందు ఆగింది.

"జొరమని అబద్దమాడి ఇక్కడ గంతులేత్తన్నావేటే? ఇది నాలుగో సెలవు!"

పద్మజకి పైప్రాణాలు పైనే పోయాయి. జనం "తల్లీ, తల్లీ" అని దణ్ణాలు పెట్టేస్తున్నారు. పద్మజ దబ్బున ఆవిడ కాళ్లమీద పడింది.

"తప్పైపోయింది తల్లీ! రేపే వెళ్లి నిజం చెప్పేస్తాను!"

అమ్మోరు వేపమండలతో వీపున రెండు తగిలించి, ముందుకి ఊగిపోయింది.

మర్నాడు టీచర్ ఒక్కతే ఉన్నప్పుడు పద్మజ ఆవిడ గదిలోకెళ్లింది. స్కాలర్‌షిప్ పోతే పోయింది, అమ్మోరితో పెట్టుకుంటే బతగ్గలమా? వచ్చిన బర్మీ అంతా కూడగట్టుకుని, లెంపలేసుకుంటూ, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక ప్రిన్సిపాల్‌గారి దగ్గర కూడా ఒప్పుకుంటానంటూ టీచర్ కాళ్లకి వంగబోయింది.

డో మ్యా మ్యా గబుక్కున లేచి తలుపు మూసింది.

"నిన్న జాతర్లో నా కాళ్లు పట్టుకున్నావు, అది సాలు గానీ, పిన్సిపాలు కాడికి మాత్తరం ఎల్లకే తల్లీ, నేనూ జొరమనే సెలవెట్టినాను!"