పద్నాలుగు అంకెలు

రెండోసారి భాగించినా శేషం సున్నాయే వచ్చింది. అయినా మిత్సుయో ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆమె అబాకస్ అడుగున ఒక సంఖ్య చెక్కి ఉంది: 19635521851889. మూడో పెళ్లిరోజున భర్త షిగెహారు తన చేత్తో చెక్కి ఇచ్చాడు. "మన ఇల్లంతా ఇందులో ఉంది" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఇద్దరూ కలిసి అబాకస్ బడి నడిపారు. అక్కడ నేర్చుకున్న ప్రతివాళ్లకీ ఒక సొంత ప్రధాన సంఖ్య ఉండేది. షిగెహారుది 7919. ఆమెది 6043. ఆ రెండిటినీ గుణించి చెక్కాడనుకుంది ఆమె.

నాలుగంకెల సంఖ్యలు రెండిటిని గుణిస్తే ఎనిమిది అంకెలు దాటవు. ఆ మాట పిల్లలకు వెయ్యిసార్లు చెప్పిన మనిషి, పద్దెనిమిదేళ్లుగా ఆ అడుగు తుడుస్తూ ఒక్కసారీ అంకెలు లెక్కపెట్టుకోలేదు. మొగుడి మీద అంత గురి. ఆయన పోయి రేపటికి నలభై తొమ్మిదో రోజు, కర్మ జరిపే రోజు. సాయానికొచ్చిన ఆడపడుచు యాసుయో పొద్దున దాన్ని చూసి, పద్నాలుగు అంకెలున్నాయే అని ఊరికే అంది.

7919తో పోయింది. 6043తోనూ పోయింది. చివరికి భాగఫలంగా 410317 మిగిలింది.

మధ్యాహ్నం దాకా దాన్ని విరగ్గొట్టాలని చూసింది. విరగలేదు. అదీ ప్రధాన సంఖ్యే. అంటే మూడో మనిషిదే. బడి రిజిస్టర్లన్నీ తిరగేసినా ఆ సంఖ్య ఎవరికీ లేదు. బయటిదన్నమాట. తమ కాపురం మధ్యలో దాన్ని కూర్చోబెట్టి, తన చేతికే ఇచ్చి, తన చేతే తుడిపించాడు.

"అన్నయ్య అలాంటివాడు కాదు వదినా," అంది యాసుయో.

"అలాంటివాళ్లు నుదుటి మీద రాసుకుని తిరుగుతారా?"

"నీ దగ్గర ఏదైనా దాచాడా ఎప్పుడైనా?"

"లేదనే అనుకున్నా. ఒక్క సంగతి మాత్రం ఈ ఇంట్లో ఎత్తొద్దని నేనే ఒట్టేయించుకున్నా. మిగతావన్నీ చెప్పేవాడు. చెబుతున్నాడనుకున్నాను, పిచ్చిదాన్ని."

సాయంత్రం సమాధి రాయి చెక్కే ముసలాయన వచ్చాడు. షిగెహారు పేరు పక్కన ఆమె పేరు కూడా చెక్కి, బతికున్న మనిషి కాబట్టి ఎర్ర రంగు నింపడం వాడుక. అక్షరాలు ఎంత పెద్దవి కావాలో అడిగాడు.

"నా పేరు వద్దండి. ఆ పక్కన ఖాళీ వదిలేయండి. ఎవరి చోటో వాళ్లే వచ్చి చెక్కించుకుంటారు."

యాసుయో ఏడ్చింది. ముసలాయన చెక్కాల్సినవి రాసుకున్న చీటీలో మిత్సుయో పేరు కొట్టేసి, కనీసం తేదీ సరిచూడమని చేతికిచ్చాడు.

590422. షోవా చక్రవర్తి ఏలుబడి లెక్కన యాభై తొమ్మిదో ఏడు, ఏప్రిల్ ఇరవై రెండు. ఆయన పోయిన రోజు. సరిగ్గానే ఉందని చీటీని బల్ల మీద, తన లెక్కల కాగితం పైన పెట్టింది. ఆరు అంకెల కింద ఆరు అంకెలు.

కింది 410317నీ అలాగే చదివింది: షోవా నలభై ఒకటి, మార్చి పదిహేడు, ఇంకెప్పుడూ ఎత్తొద్దని తను ఒట్టేయించుకున్న రోజు, పేరైనా పెట్టకముందే పోయిన తమ పాప పుట్టిన రోజు.