చిటుకు వేసిన కన్నం

పొలంగట్టు కింద ఎలుకల బొరియలన్నీ లోలోపల కలిసే ఉంటాయి. "ఏ దారి ఎక్కడికి పోతుందో ముందు నేర్చుకోరా" అని నాయనమ్మ ఎంత చెప్పినా కుర్ర ఎలుక చిటుకు చెవిన పెట్టేవాడు కాదు.

"దారులెవరికి కావాలి నాయనమ్మా? కన్నం వేయడం వస్తే చాలు. పందికొక్కు మామ గాదెలో దూరి చూపిస్తా."

పొద్దుటి నుంచీ తవ్వాడు. సాయంత్రానికి గోడ కూలింది. ఎదురుగా గుట్టగా వడ్లు. చిటుకు గంతులేశాడు.

వడ్ల వెనక నుంచి నాయనమ్మ తలెత్తి చూసింది. అది వాళ్ళింటి గాదే.

"మన గోడ ఇక్కడింత పలచనని నాకూ తెలీదురా" అంది నాయనమ్మ, నవ్వాపుకుంటూ. "పాముకంటే ముందు నువ్వొచ్చావు, నయం. పూడ్చు."

మట్టి మెత్తుతూనే చిటుకు అడిగాడు, "నాయనమ్మా, మన గుమ్మం నుంచి ఎడమకి తిరిగితే ఎటు పోతాం?"