తాళం వేసిన ఇంట్లో పాట

మిట్టమధ్యాహ్నం గోడ అవతల పాట మొదలైంది.

సుందరలక్ష్మి ఇవాళ నిద్ర నటిస్తూ పడుకుంది కాబట్టి మొదటి మాట నుంచే విన్నది. ఐదో నెల కడుపును చేత్తో పట్టుకుని చాప మీద నుంచి లేచింది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ "నీ చెవుల్లోనే ఉండాది ఆ పాట" అని దాటేశాడు మొగుడు. ఈరోజు ఆయన్ని తాళం వేసిన ఆ పక్కింట్లోనే పట్టుకోవాలి. చప్పుడు కాకుండా వసారా దాటి వీధి తలుపు తీసింది.

రామసుబ్బయ్య అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

అదే అరుగు మీద అవతలి తలుపు వాళ్ల సొంతింటిది. దానికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళం మీద దుమ్ము కూడా చెదరలేదు. లోపల మాత్రం చనిపోయిన అత్తగారి స్టీరియో నిక్షేపంగా పాడుతోంది.

సుందరలక్ష్మి తలుపు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"ఏమండీ... మీరు ఈడుంటే, లోపల ఉండేది ఎవరు?"

అత్త పోయిన నక్షత్రం మంచిది కాదని పురోహితుడు చెప్పాడు. ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి, దీపం పెట్టకూడదు, ఇంటి మనిషి గడప తొక్కకూడదు, తొక్కితే ఇంకో ప్రాణం పోతుంది అన్నాడు. కమలాపురంలో ఆ మాట తోసిపుచ్చే ధైర్యం ఎవరికుంది? దినాలు కాగానే మొగుడూ పెళ్లాం పక్క పోర్షన్లోకి అద్దెకు మారారు. నాలుగు నెలలు గడిచాయి. పోయే ఆ ఇంకో ప్రాణం ఎవరిదవుతుందో సుందరలక్ష్మికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడేళ్లకు నిలిచిన కడుపు అది.

రామసుబ్బయ్య మొహం తేలు కుట్టిన దొంగలా అయింది.

"అరవొద్దే. లోపల ఎవరూ లేరు. నేనే."

"మీరు నా ఎదురుగ్గా ఉండారు గదా!"

"ఇదిగో, చూడు." పంచె మడతలో దాచిన ఫోను తీశాడు. "పాట దీంట్లోది. గోడ అవతలే గదా సెట్టు ఉండేది? బ్లూటూతు ఈడికి అందుతాది."

బొటనవేలితో నొక్కాడు. పాట ఆగింది. ఎండకు సందు సందంతా నిశ్శబ్దంగా ఉంది. మళ్లీ నొక్కాడు. తెగిన మాట దగ్గర్నుంచే గోడ అవతల సెట్టు ఆ తత్వం పాటను అందుకుంది.

"నాలుగు నెల్ల నుంచి నా ప్రాణం తోడేసినారు గదండీ!"

"ఏం చేయమంటావు? చెప్తే నువ్వు ఊరుకుంటావా?"

రామసుబ్బయ్యకు దేవుడి మీద భక్తి ఉంది గానీ పంచాంగం మీద లేదు. అమ్మ మీద మాత్రం రెండింటికీ సరిపడా ఉంది. ఆ సెట్టు ఆమె ఏరికోరి తెచ్చుకున్నది. కడప అంగట్లో పన్నెండు సెట్లు మోగించి చూసింది. రంగురంగుల లైట్లు తిరిగే దాన్ని చూసి "ఇది పాడతాండాదా, తిరునాళ్లకు పోతాండాదా?" అని పక్కకు నెట్టింది. ఒంటిచేత్తో ఎత్తుకోవడానికి పిడి ఉండేది, సౌండు తగ్గించినా మాట మాట విడివిడిగా వినిపించేది కావాలంది. దొరికేదాకా అంగడి వాణ్ణి వదల్లేదు. ఇంటికి తెచ్చినాక వంటింట్లోకి, దేవుని గూటి దగ్గరికి, పెరట్లోకి నీళ్ల బిందెలాగా వెంట తిప్పుకుంది.

"దాన్ని దిక్కు లేని దాని మాదిరి చీకట్లో వదిలేసి వచ్చినాం. రోజుకు ఒక పాటన్నా ఆ ఇంట్లో వినపడనీ అనుకున్యా. అంతే."

సుందరలక్ష్మి అతని చెయ్యి లాగి తన కడుపు మీద పెట్టుకుంది.

"బిడ్డ మీద ఒట్టేసి చెప్పండి. ఒక్కసారన్నా ఆ గడప తొక్కినారా?"

"తొక్కలా. బిడ్డ మీద ఒట్టు. ఎప్పుడు పెట్టినా ఈ అరుగు మీద కూర్చునే పెట్టినా."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎన్ని రాత్రులు ఆ పాటను తలుచుకుని కడుపు తడుముకుందో, ఎన్ని మొక్కులు మొక్కుకుందో! గండం గడిచింది. గడప ఎవరూ తొక్కలేదు, తన బిడ్డకు ఏమీ కాదు. వీధిలో ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా మొగుడి భుజం మీద తల వాల్చింది. మొదటిసారి ఆ తత్వాన్ని భయం లేకుండా విన్నది. అత్త మంచి సెట్టే ఏరింది అనుకుంది.

"ఇంకో రెండు నెల్లే గదా," అంది కళ్లు తుడుచుకుంటూ. "పెట్టుకోండి. మీరు ఈడ్నే ఉంటే నాకేం భయం?"

రామసుబ్బయ్యకు గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేను మాత్రం నిన్ను ఒట్టెయ్యమని అడగన్లే. నాకు ఎప్పుడో తెలుసు."

"ఏం తెలుసు?"

"పైకి నచ్చత్రమంటావు, గడపంటావు గానీ, నీకూ అమ్మంటే శానా ప్రేమ. ఆ బ్యాటరీ ఒక్క పూటకు మించి రాదు. పెరటి దారిన లోపలికి పోయి రోజూ ఛార్జింగు పెడ్తాండేది నువ్వే గదా?"