పీర్ సాహెబ్ గొడుగు

"జానూ, కుదురుగా కూర్చో. పడవ ఒరగతా ఉండాది" అన్నాడు చోటే సాహెబ్.

"కూర్చుంటే కాళ్ళకు చీమలు పాకినట్టుండాది మామా" అంటూ జాన్‌బీ కావాలనే లేచి అవతలి చెక్క మీదికి మారింది. పడవ ఊగింది. ఎదురుగా కూర్చున్న మహబూబ్ బాషా టెర్లిన్ చొక్కా మీద నీళ్ళు చింది పడ్డాయి. అతను తుడుచుకుని ఊరుకున్నాడు. తెరచాప మాత్రం టపటపా కొట్టుకుంటూనే ఉంది.

పులికాటు సరస్సులో పడవెక్కి, కొంగల్ని చూసి, వేనాడు దీవిలో దర్గాకు మొక్కి, రొయ్యల వేపుడు తిని వద్దామని మామ అన్నప్పుడే జాన్‌బీకి అనుమానం వచ్చింది. సూళ్ళూరుపేటలో బస్సు దిగేసరికి నాయుడుపేట గొడుగుల దుకాణం పీర్ సాహెబ్, ఆయన కొడుకు మహబూబ్ నిలబడి ఉన్నారు. ఇక అనుమానం ఎందుకు? వాళ్ళ బంధువర్గంలో పెళ్ళిచూపులు ఇంట్లో జరగవు. ఏ దర్గా దగ్గరో అనుకోకుండా కలిసినట్టు కలుస్తారు. కుదరకపోతే ఎవరికీ తలవంపు ఉండదు. పిల్లలతో ఎవరూ ఏమీ చెప్పరు.

పైగా పొద్దున మామ "నువ్వేం చెయ్యబళ్ళేదు జానూ, నవ్వతా ఉంటే చాలు" అన్నాడు. అమ్మ జైతూన్‌బీ, నాయన పోయినప్పటి నుంచీ పెట్టె అడుగున పడి ఉన్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. మగపెళ్ళివారి ముందు పరువు నిలవాలిగా!

జూన్‌లో నెల్లూరులో టీచరు ట్రైనింగులో చేరాలి. పెళ్ళి కుదిరితే ఆ చదువు సరస్సు పాలే. కుదరనిస్తే గదా, అనుకుంది జాన్‌బీ.

దూరంగా నీళ్ళలో పొడుగుకాళ్ళ కొంగలు వేలకొద్దీ నిలబడి ఉన్నాయి. పడవవాడు చెయ్యి చాపి చూపించాడు. జాన్‌బీ రెండు చేతులూ నోటికి పెట్టుకుని కెవ్వున కేకేసింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. రెక్కల లోపలి ఎరుపు ఆకాశమంతా పరుచుకుంది.

"ఎంత గొంతమ్మా!" అన్నాడు పీర్ సాహెబ్.

"ఇంట్లో కూడా ఇట్నే అరస్తా" అంది జాన్‌బీ.

ఆయన నవ్వి, ఎండ అమ్మ ముఖాన పడుతోందని తన గొడుగు విప్పి అందించాడు. అమ్మ తీసుకుని, దాని పిడిని వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది.

దీవిలో దర్గాకు పోయి వచ్చాక జాన్‌బీ మోకాలి లోతు బురదలో దిగి పీత పట్టింది. మహబూబ్ ఒడ్డున గవ్వలేరి రుమాల్లో కట్టుకుంటున్నాడు.

"ఎవరికంట?"

"ఇంట్లోకి" అన్నాడతను, సిగ్గుపడుతూ.

ఆ సిగ్గు చూసి ఆమెకు ఒళ్ళు మండింది. "మేమైతే ఇట్టాంటివి కాల్చి సున్నం చేస్తాం" అని, పీతను తీసుకెళ్ళి అమ్మ పక్కన వెల్లకిలా పెట్టి ఉన్న గొడుగులో పడేసింది.

పీర్ సాహెబ్ ఉలిక్కిపడి, తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "నలభై ఏళ్ళుగా గొడుగులమ్ముతా ఉండా. గొడుగు మీద వాన పడేది చూసినాను గానీ, గొడుగులో పీత పడేది ఇదే చూడటం!"

అమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! జాన్‌బీకి మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఇంత చేసినా వీళ్ళకు కోపం రాదేం?

జాలరి వాళ్ళింట్లో వండించిన అన్నం, రొయ్యల వేపుడు తిని మగవాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. జైతూన్‌బీ కూతురి పక్కన చేరి, ఆమె చెంపకంటిన బురద తుడిచింది.

"వాళ్ళు ఎట్టుండారే?"

"ఎట్టుండేదేంది? ఆ ముసలాయన చిరిగిన గొడుగు మాదిరుండాడు. ఆ కొడుకు మూగెద్దు."

అమ్మ చెయ్యి ఆగింది. "ఇల్లాలు పోయినాక ఆయన నాలుగేళ్ళుగా చెయ్యి కాల్చుకుంటా ఉండాడంట."

"అయితే వంటమనిషిని పెట్టుకోమను."

"నవ్వులాట కాదే. నిజం చెప్పు. ఆ ఇంట్లో నీకు మనసు కుదరతాదా?"

దీనికోసమే పొద్దుటి నుంచీ కాచుకుని ఉంది జాన్‌బీ. "ఒక్క రోజు కూడా ఉండలేనమ్మా. ఆ గడప తొక్కమంటే ఈ సరస్సులో దూకతా."

జైతూన్‌బీ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "సరేలే" అంది. "నువ్వు వద్దంటే వద్దు."

అందరూ తిరుగు పడవెక్కారు. ఒడ్డున దిగాక అమ్మ గొడుగు ముడిచి, బురద చుక్కలు కొంగుతో తుడిచి, రెండు చేతులతో పీర్ సాహెబ్‌కు ఇచ్చింది. ఎండ ఇంకా దిగలేదు. ఆయన ఆ గొడుగు విప్పకుండానే చంకలో పెట్టుకుని, కొడుకుతో బస్టాండు వైపు నడిచాడు.

జాన్‌బీకి గుండెల మీది బండ దిగినట్టయింది. అమ్మ కాస్త ముందు నడుస్తోంది. నీడ కోసం కొంగు తలమీదికి లాక్కుంది.

"అమ్మ వద్దనేసిందా మామా?"

"వద్దనేసింది" అన్నాడు చోటే సాహెబ్. "నిన్నటిదాకా ఎంత ఆశగా ఉండిందో! నీ మొహం చూసి చెప్తానన్నది. చూసి చెప్పేసింది."

"మంచిదే. జూన్‌లో నేను హాస్టలుకు పోవాల గదా."

"నువ్వు పోతే అది ఎవురితో మాట్లాడతాదే?"

"కుట్టుమిషనుతో" అని నవ్వింది జాన్‌బీ. "పోనీలే మామా. ఆ మహబూబుకు నాకంటే బుద్ధిమంతురాలు దొరకతాది."

మామ నడక ఆపాడు. "మహబూబుకా? వాడు పెళ్ళాంతో మద్రాసులో కాపురముండాడు గదా!"

జాన్‌బీ నవ్వు సగంలో ఆగింది. ముందు ఎండలో ఆకుపచ్చ చీర ఒంటరిగా వెళుతోంది.

"ఈ పొద్దు చూపులు మీ అమ్మకు" అన్నాడు మామ.