గోడవతలి గొంతులు

హెడ్మాస్టరు గోడకు చెవి ఆనించి విన్నాడు. నాలుగు గొంతులు. కాదు, అయిదు. అందరూ ఆడవాళ్ళే. ఒకావిడ ముందు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు.

పొద్దున్నే ఒళ్ళు మండిపోయింది అతనికి. పండగైనా సరే, ఎవరింట్లో వాళ్ళే ప్రార్థన చేసుకోవాలని, గుంపులు కూడితే ఊరుకునేది లేదని మెట్ల దగ్గర తన చేత్తోనే కాగితం అంటించాడు. ఆ భవనానికి సెక్రటరీ తనే మరి.

అతని కోపం ఉత్తినే వచ్చింది కాదు. నెల కిందటే ఆ మాయదారి జబ్బు భార్యను పొట్టన పెట్టుకుంది. అంబులెన్సు దాకా కూడా అతన్ని రానివ్వలేదు. ఆఖరి చూపైనా దక్కలేదు. గడప దాటితే ఆమె వెళ్ళేది పక్కవాటా టైలరమ్మ దగ్గరికే. ఏదో కుట్టించుకోవాలంటూ తెగ తిరిగేది. కుట్టించుకున్నదేదీ అతని కంటపడలేదు. జబ్బు అక్కడే అంటుకుందని అతని గట్టి నమ్మకం.

బడిలోనే కాదు, ఇంట్లోనూ చీమ చిటుక్కుమనకూడదు అతనికి. ముప్ఫయ్యేళ్ళ కాపురం పరీక్షహాల్లో గడిచినట్టే గడిచింది.

పోలీసులకు ఫోన్ చేశాడు.

పావుగంటలో ఎస్సై వచ్చాడు. తలుపు తట్టగానే లోపల పాట ఠక్కున ఆగిపోయింది.

“చూశారా సార్? దాక్కుంటున్నారు!” అన్నాడు హెడ్మాస్టరు.

టైలరమ్మ మాస్కు సర్దుకుంటూ తలుపు తీసింది. కుట్టుమిషను, కత్తిరించిన గుడ్డలు, చాప. ఎస్సై మంచం కింద చూశాడు, స్నానాలగది చూశాడు. నరమానవుడు లేడు.

“ఏరమ్మా మిగతావాళ్ళు?”

“ఎవరూ లేరు సార్. నేనొక్కదాన్నే.”

“మరి ఆ పాట?”

ఆమె ఫోన్ తీసి నొక్కింది. అయిదు గొంతులూ మళ్ళీ లేచాయి.

“పోయిన పండక్కి ఈ గదిలోనే పాడుకున్నాం సార్. అప్పుడు రికార్డు చేశాను. ఈసారి ఎవరూ రాలేరు కదా...”

ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “ఏం మాస్టారూ, దీనికా నన్ను పరుగెత్తించారు?”

హెడ్మాస్టరుకు తల కొట్టేసినట్టయింది. అయినా తగ్గలేదు.

“రికార్డయితే మాత్రం? మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే పాటలా? అసలు ముందు ఎత్తుకుంటుందే, ఆవిడకి ఇల్లూ వాకిలీ లేవా? నోర్మూసుకోమని చెప్పే మొగుడు లేడా?”

“అదేంటండీ, అంత హాయిగా పాడుతుంటే!” ఎస్సై టైలరమ్మ వైపు తిరిగాడు. “ఎవరమ్మా ఆవిడ?”

టైలరమ్మ గబుక్కున పాట ఆపేసింది.

“వదిలేయండి సార్. ఇంకెప్పుడూ పెట్టను. తప్పయిపోయింది.”

“వదిలేదేంటి?” హెడ్మాస్టరు గుడ్లురిమాడు. “పేరు చెప్పాల్సిందే. ఎస్సైగారు రాసుకుంటారు. ఎవరావిడ?”

టైలరమ్మ ఎస్సై వైపే చూస్తూ అంది:

“ఈయన భార్యే సార్.”